దూరప్రయాణాల వ్యాసంలో వెనక షాకబ్జర్ల ఊసే లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మోటార్‌సైకిల్ మీద దూరప్రయాణాలు చేసేవాళ్ల కోసం వేసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ దగ్గర నుంచి టైర్లలో గాలి, బ్రేకు ప్యాడ్లు, చెయిన్‌కు వేసే ఆయిల్ దాకా అన్నీ చెప్పారు. అన్నీ అవసరమైనవే. కానీ వెనక షాక్ అబ్జర్బర్ల గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఇద్దరు మనుషుల్నీ, మూడు పెట్టెల సామానునూ మోస్తూ వందల కిలోమీటర్లు పరిగెత్తే బండిలో ఆ బరువంతా చివరికి ఆనేది వాటి మీదే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవమని మనవి.

షాకబ్జర్లు విప్పి, సీళ్లు మార్చి, కొత్త ఆయిల్ పోసి, మళ్లీ గ్యాస్ ఎక్కించడం నా పని. నా బల్ల మీదికి వచ్చే వాటిలో చాలా మటుకు ప్రీలోడ్ రింగు (స్ప్రింగును ముందే కొంత నొక్కి పెట్టే రింగు) ఫ్యాక్టరీలో ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది. మర మీద పేరుకుపోయిన మట్టి చూస్తేనే తెలిసిపోతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదని. ఆ రింగు తిప్పడానికి కంపెనీ ఇచ్చిన హుక్ స్పానర్ సీటు కింద టూల్ కిట్‌లో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. బండి కొన్నది ఒంటరిగా తిరగడానికి కాదు. భార్యతోనో స్నేహితుడితోనో, సామాను కట్టుకుని ఊళ్లు చూడ్డానికి. కానీ వెనక స్ప్రింగు మాత్రం సుమారు డెబ్భై, ఎనభై కిలోల మనిషి ఒక్కడే కూర్చుంటాడన్న లెక్కలోనే ఉండిపోతుంది.

ఇది నడిపేవాడి నడుముకు సంబంధించిన సొంత విషయం, పత్రికకు ఎందుకు అనుకోవచ్చు. ఎదురుగా వచ్చేవాడికి కూడా ఇందులో సంబంధం ఉంది. లెక్క చూడండి. ముందు చక్రం ఇరుసుకూ వెనక చక్రం ఇరుసుకూ మధ్య 1500 మిల్లీమీటర్లు ఉన్న బండి, బరువు వేశాక వెనకవైపు మామూలు కంటే ఇంకో 30 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. అంటే హెడ్‌లైటు వెలుగు ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తుంది. లో బీమ్‌ను సాధారణంగా 10 మీటర్లకు సుమారు 10 సెంటీమీటర్లు కిందికి వాలేలా సర్దుతారు. కాబట్టి 50 మీటర్ల దూరాన లైటు ఎత్తు కంటే అర మీటరు కింద పడాల్సిన వెలుగు, అర మీటరు పైన పడుతుంది. అది నేరుగా ఎదురు కారు నడిపేవాడి కళ్లలో పడుతుంది. అతను తిట్టుకుంటూ హై బీమ్ కొడతాడు. ఇతనేమో, నేను లో బీమ్‌లోనే ఉన్నానుగా అనుకుంటాడు. ఇద్దరి తప్పూ లేదు. తప్పల్లా వెనక కుంగిన ఆ 30 మిల్లీమీటర్లది.

వెలుగు ఒక్కటే కాదు. వెనక కుంగితే ముందు ఫోర్కు వాలు పెరుగుతుంది, ముందు టైరు మీద బరువు తగ్గుతుంది. హ్యాండిల్ తిప్పితే బండి ఆలస్యంగా మాట వింటుంది, మలుపులో లోపలికి రాకుండా బయటికి జరుగుతుంటుంది. పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడు ఆ గాలికి ముందు భాగం ఊగుతుంది. మలుపులో వాలినప్పుడు సెంటర్ స్టాండు రోడ్డుకు రాసుకుంటుంది. చెయిన్ ఉన్న బండైతే దాని సంగతి వేరే చూడాలి. వెనక ఇరుసు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి) బోల్టు, ముందు స్ప్రాకెట్ ఈ మూడూ ఒక వరుసలోకి వచ్చినప్పుడు చెయిన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. ఖాళీ బండి మీద సరిపోయిందనుకున్న చెయిన్, ఇద్దరు కూర్చుని గుంతలో పడేసరికి తీగలా లాగేస్తుంది. గేర్‌బాక్స్ బేరింగులు పోవడానికి ఇదొక దారి.

ఇప్పుడు ప్రీలోడ్ విషయం. దీని గురించి రైడర్లలో ఉన్నంత అపోహ ఇంక దేని గురించీ లేదు. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. గట్టిపడదు. మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలో అది స్ప్రింగు తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య నిర్ణయిస్తాయి. రింగు తిప్పినంత మాత్రాన అవేవీ మారవు. రింగు చేసేదల్లా స్ప్రింగును ముందే కొంత నొక్కి పెట్టడం. దానివల్ల బరువు వేసినప్పుడు బండి ఎక్కువ ఎత్తులో నిలబడుతుంది, అంతే. ఎత్తు సరిగ్గా ఉంటే మిట్టకు పైకి జరగడానికీ, గుంతలోకి కిందికి సాగడానికీ చక్రానికి చోటుంటుంది. షాకబ్జర్ పనంతా ఆ చోటులోనే జరుగుతుంది. (ఒక చివర చుట్లు దగ్గరగా, ఇంకో చివర దూరంగా ఉండే స్ప్రింగులు కూడా ఉన్నాయి. వాటిలో నొక్కేకొద్దీ గట్టిదనం కొంత పెరుగుతుంది. అక్కడ కూడా అసలు ఉద్దేశం ఎత్తు సర్దడమే.)

ఈ ఎత్తును ఊహించక్కర్లేదు, టేపుతో కొలవచ్చు. బరువుకు బండి ఎంత దిగిందో ఆ కొలతను సాగ్ అంటారు. వెనక ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, సీటు కిందో మడ్‌గార్డ్ మీదో ఒక గుర్తు పెట్టుకోవాలి. చిన్న స్టిక్కరు చాలు. మొదట వెనక చక్రాన్ని పూర్తిగా గాల్లోకి లేపి, షాకబ్జర్ చివరిదాకా సాగి ఉండగా కొలవాలి. తర్వాత బండిని దాని సొంత బరువు మీద నిటారుగా నిలబెట్టి కొలవాలి. ఆ తర్వాత రైడర్ జాకెట్, హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చున్నాక ఇంకోసారి. చివరగా వెనక మనిషి, నింపిన పెట్టెలు, అంటే ఊరికి బయలుదేరే రోజు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ముందు ఒకరు హ్యాండిల్ పట్టుకుని బండిని నిలబెట్టాలి, వెనక ఒకరు టేపు చూడాలి. సైడ్ స్టాండు మీద వాల్చి తీసిన కొలత దేనికీ పనికిరాదు.

ఇంకో మాట. సీళ్లకు, లింకేజీకి (షాకబ్జర్‌ను స్వింగ్ ఆర్మ్‌కు కలిపే కీళ్లకు) కొంత రాపిడి ఉంటుంది. బండిని కిందికి నొక్కి మెల్లగా వదిలితే ఒక కొలత, పైకి ఎత్తి మెల్లగా దించితే ఇంకో కొలత వస్తుంది. రెండింటి సగటు తీసుకోవాలి. ఆ రెండింటికీ మధ్య తేడా మరీ ఎక్కువ వస్తుంటే స్ప్రింగు సంగతి పక్కన పెట్టి, మొదట లింకేజీ బేరింగుల్లో గ్రీజు ఎండిపోయిందేమో చూడాలి. చాలాసార్లు ఎండిపోయే ఉంటుంది. వాటి జోలికి ఎవరూ వెళ్లరు, నీళ్లూ బురదా మాత్రం రోజూ వెళ్తాయి.

ఎంత దిగాలి? చక్రానికి మొత్తం ఎంత కదలిక ఉందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మనుషులు, సామాను ఎక్కాక అందులో పావు నుంచి మూడో వంతు దాకా దిగితే సరైనది. 120 మిల్లీమీటర్ల కదలిక ఉంటే 30 నుంచి 40. బండి తన సొంత బరువుకు కూడా కొంచెం దిగాలి, 5 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. అసలు దిగకపోతే చక్రం గుంతలోకి సాగడానికి చోటు లేదన్నమాట.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపిస్తాను, ఎందుకంటే టూరింగ్ బండి కిటుకంతా ఇక్కడే ఉంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు కొలత 600 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బండి ఒక్కటే నిలబడితే 588. రైడర్ ఎక్కితే 568. అంటే 32 దిగింది, చక్కగా ఉంది. ఇప్పుడు వెనక మనిషి, సామాను ఎక్కితే 538. మొత్తం 62 మిల్లీమీటర్లు, ఉన్న 120 మిల్లీమీటర్ల కదలికలో సగానికి పైనే ఇంజన్ స్టార్ట్ చేయకముందే అయిపోయింది. వెనక కూర్చునే మనిషి బరువు, పెట్టెల బరువు దాదాపు మొత్తం వెనక చక్రం మీదే పడుతుంది. రైడర్ బరువులో మాత్రం కొంత ముందు చక్రం పంచుకుంటుంది. అందుకే రెండో మనిషి తేలికైనా వెనక అంత ఎక్కువ కుంగుతుంది. దీన్ని 40కి తేవాలంటే చక్రం దగ్గర 22 మిల్లీమీటర్లు పైకి లేపాలి. షాకబ్జర్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండు మిల్లీమీటర్లు కదిలే బండైతే, స్ప్రింగును 11 మిల్లీమీటర్లు నొక్కాలి. రింగు మర ఒక చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు జరిగేదైతే ఏడు చుట్ల పైచిలుకు. చాలా బళ్లలో అంత మర మిగిలి ఉండదు. ఒకవేళ ఉన్నా, అంత బిగించాక మనుషులు దిగిపోతే బండి తన సొంత బరువుకు అసలు దిగదు, బిర్రుగా పైకి నిలబడుతుంది.

దీన్నిబట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. మనుషులెక్కాక కొలత సరిగ్గా వచ్చి, ఖాళీ బండి మాత్రం అసలు దిగకపోతే ఆ బరువుకు స్ప్రింగు మెత్తనిది. గట్టి స్ప్రింగు వేయించుకోవాలి. మనుషులెక్కాక సరిగ్గా ఉండి, ఖాళీ బండి మరీ ఎక్కువ దిగుతుంటే స్ప్రింగు గట్టిది. వినగానే తలకిందులుగా అనిపిస్తుంది. కాసేపు ఆలోచిస్తే అర్థమవుతుంది: మెత్తని స్ప్రింగును ఆ ఎత్తుకు తేవడానికి ఎక్కువ బిగించాల్సి వచ్చింది, ఆ బిగింపే ఖాళీ బండిని పైకి నెట్టేస్తోంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒంటరిగా తిరిగి, ఎప్పుడో ఒకసారి ఇద్దరు వెళ్లేవాళ్లు ఉన్న స్ప్రింగుతోనే సర్దుకోవచ్చు. బయలుదేరేముందు బిగించాలి, వచ్చాక వదులు చేయాలి. ఎప్పుడూ ఇద్దరే తిరిగేవాళ్లకు మాత్రం స్ప్రింగు మార్చుకోమనే చెబుతాను. ఖరీదైన కొత్త షాకబ్జర్ కొనడం కంటే ముందు చేయాల్సిన పని అది. తమ బరువుకు తగని స్ప్రింగు ఉన్న గొప్ప షాకబ్జర్ కంటే, తగిన స్ప్రింగు వేసిన సాదా షాకబ్జర్ మీద ప్రయాణం హాయిగా ఉంటుంది.

ఆ మధ్య ఒక జంట వచ్చారు. దూరం నుంచి బండి మీదే వచ్చారు, పెట్టెలు ఇంకా కట్టే ఉన్నాయి. "అన్నా, వెనక రాయిలా ఉంది. ఈవిడ కూర్చోలేకపోతోంది. స్ప్రింగు లూజు చెయ్యండి" అన్నాడతను. ఆమె బండి దిగి నడుం పట్టుకుని నిలబడింది. నేను వెంటనే స్పానర్ తియ్యలేదు. సన్నటి కేబుల్ టై ఒకటి షాకబ్జర్ రాడ్డుకు మరీ బిగించకుండా చుట్టి, సీలు దగ్గరికి జరిపి, "ఒక్కసారి అలా తిరిగి రండి, మీరు కూడా కూర్చోమ్మా" అన్నాను. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆ టై రాడ్డు కింది చివరన ఉండే రబ్బరును తాకి నలిగి ఉంది. చిన్న చిన్న గుంతలకే షాకబ్జర్ పూర్తిగా మూసుకుపోయి ఆ రబ్బరుకు కొడుతోందన్నమాట. ఆవిడ నడుముకు తగులుతున్నది స్ప్రింగు కాదు, ఆ రబ్బరు దెబ్బ. అప్పుడు రింగు వదులు చేస్తే బండి ఇంకా కుంగేది, దెబ్బలు ఇంకా పెరిగేవి.

మర మీద మట్టి బ్రష్షుతో తుడిచి, నూనె చుక్క వేసి, తాళంలా పట్టి ఉంచే పై రింగు వదులు చేసి, కింద రింగు బిగిస్తూ మధ్యమధ్యలో ఇద్దరినీ కూర్చోబెట్టి టేపు పట్టాను. అతను ముందు నమ్మలేదు, "బిగిస్తే ఇంకా గట్టిపడదా?" అని అడుగుతూనే ఉన్నాడు. మళ్లీ తిరిగొచ్చాక ఆమే ముందు చెప్పింది: "గుంత వచ్చిందని తెలుస్తోంది గానీ తగలట్లేదండీ." ఈసారి టై రబ్బరుకు కాస్త ఇవతలే ఆగింది. ఏదో పెద్ద గుంత వస్తే తప్ప చివరిదాకా పోకూడదు, అలాగని సగం దగ్గరే ఆగిపోకూడదు కూడా.

వెనక గట్టిగా ఉందని వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే. బండి మరీ కిందికి ఉండటం వల్ల వచ్చే దెబ్బను గట్టిదనం అనుకుని ప్రీలోడ్ తగ్గించుకుంటారు. తగ్గించేకొద్దీ ఇంకా బాధపడతారు.

రింగు తిప్పడానికి దయచేసి ఉలి, సుత్తి వాడనివ్వకండి. చాలా రింగులు అల్యూమినియంవి. రెండు దెబ్బలకే పళ్లు పోతాయి, తర్వాత సరైన స్పానర్ కూడా పట్టదు. అటొకటి ఇటొకటి రెండు షాకబ్జర్లున్న బళ్లలో మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది, రెండు పక్కలా ఒకే మెట్టు మీద ఉండాలి. తిప్పడానికి అందని చోట ఉండే మోనోషాక్‌లకు (వెనక ఒకటే ఉండే షాకబ్జర్లకు) కొన్ని కంపెనీలు చేత్తో తిప్పే నాబ్ ఇస్తాయి, అది ఆయిల్ ఒత్తిడితో స్ప్రింగును నొక్కుతుంది. టూరింగ్ బండి కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోవడం మంచిది. ఉంటే తిప్పుతారు, లేకపోతే బద్ధకించి వదిలేస్తారు. కొన్ని పెద్ద టూరింగ్ బళ్లలో గాలి నింపే షాకబ్జర్లుంటాయి. వాటిలో గాలి పట్టే చోటు చాలా కొంచెం. పెట్రోలు బంకులో టైర్లకు కొట్టే పైపు పెట్టారంటే క్షణంలో పరిమితి దాటి సీళ్లు పోతాయి. దానికి చేతి పంపే వాడాలి, మాన్యువల్‌లో ఉన్న పరిమితి దాటకూడదు.

ఎత్తు కుదిరాకే డ్యాంపింగ్ (స్ప్రింగు ఊపును అదుపు చేయడం) జోలికి పోవాలి. స్ప్రింగు నొక్కుకున్నాక తిరిగి ఎగరకుండా పట్టి ఉంచేది లోపలున్న ఆయిల్. పిస్టన్‌లోని సన్నని దారుల్లోంచి ఆయిల్ పోవాలి కాబట్టి కదలిక నెమ్మదిస్తుంది. తిరిగి సాగేటప్పుడు పట్టేదాన్ని రీబౌండ్ అంటారు. దాన్ని సర్దే స్క్రూ సాధారణంగా షాకబ్జర్ కింది చివర ఉంటుంది. చాలా బళ్లలో ఇదొక్కటే ఉంటుంది, కొన్నిటిలో అసలేదీ ఉండదు.

స్క్రూ ఉన్నవాళ్లు ముందు చేయాల్సింది, దాన్ని మెల్లగా, బలం పెట్టకుండా పూర్తిగా మూసేస్తూ ఎన్ని టిక్కులు పడ్డాయో లెక్కపెట్టడం. ఆ అంకె కాగితం మీద రాసుకుని, మళ్లీ అదే చోటికి తీసుకురావాలి. ఇక ఏం చేసినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది. తర్వాత బండిని నిటారుగా పట్టుకుని సీటును బలంగా కిందికి నొక్కి వదలండి. వెనక భాగం ఒకే ఊపున పైకి వచ్చి ఆగాలి. పైకి పోయి మళ్లీ కిందికి ఊగుతుంటే రీబౌండ్ తక్కువ. రానా వద్దా అన్నట్టు మెల్లగా వస్తుంటే ఎక్కువ. ఇది మొదటి అంచనా మాత్రమే. అసలు తీర్పు రోడ్డు మీదే.

రీబౌండ్ తక్కువైతే గుర్తుపట్టడం సులువు. పొడవైన మలుపులో బండి వెనక తేలుతున్నట్టు ఊగుతుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక మనిషి సీట్లోంచి లేస్తాడు. ఎక్కువైతే గుర్తుపట్టడం కష్టం, మోసపోయేది కూడా అక్కడే. వరసగా గుంతలొస్తే, మొదటి గుంతకు నొక్కుకున్న షాకబ్జర్ తిరిగి సాగేలోపే రెండోది వస్తుంది, దాని వెనకే మూడోది. ప్రతిసారీ కాస్త కాస్త కిందికి దిగిపోయి, నాలుగైదు గుంతలయ్యేసరికి మళ్లీ అదే రబ్బరు దెబ్బ. ఒక్క గుంత పడితే బాగానే ఉండి, పాడైన రోడ్డు కొంత దూరం సాగేసరికి గట్టిగా కొడుతోందంటే స్క్రూను రెండు టిక్కులు తెరిచి చూడండి. ఎప్పుడూ ఒక్కటే మార్చాలి, ఒకటి రెండు టిక్కులే మార్చాలి, అదే రోడ్డు మీద అదే వేగంతో నడిపి చూడాలి. ఇంటి ముందు చల్లగా ఉన్న షాకబ్జర్ మీద కుదిరింది కదా అని ఊరుకోవద్దు. కాసేపు నడిచాక ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, అప్పుడు చూడాలి. ఇద్దరి కోసం ప్రీలోడ్ పెంచినప్పుడు రీబౌండ్ కూడా కొంచెం పెంచాల్సి రావచ్చు, ఎక్కువ నొక్కుకున్న స్ప్రింగు తిరిగి ఎక్కువ బలంతో నెడుతుంది కాబట్టి.

వీటన్నిటికంటే ముందు టైరు గాలి సరిచూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరికీ సామానుకూ ఎంత గాలి ఉండాలో మాన్యువల్‌లో వేరే అంకె ఉంటుంది. గాలి తక్కువున్న టైరుతో షాకబ్జర్ సర్దడమంటే వృథా శ్రమ.

సామాను ఎక్కడ కడుతున్నామన్నది కూడా షాకబ్జర్ విషయమే. వెనక ఇరుసుకు ఇంకా వెనకగా వేలాడే ప్రతి కిలో, వెనక చక్రం మీద కిలో కంటే ఎక్కువగా పడి, ఆ ఎక్కువను ముందు చక్రం నుంచి తీసేసుకుంటుంది. టాప్ బాక్స్ అలాంటి చోటే ఉంటుంది, పైగా ఎత్తులో. దాని మీద పరిమితి రాసే ఉంటుంది, చాలావాటికి అది కొద్ది కిలోలే. అయినా బరువైన వస్తువులన్నీ అందులోకే వెళ్తాయి, తియ్యడానికి వీలుగా ఉంటుందని. టూల్స్, తాళాల గొలుసు లాంటివి పక్క పెట్టెల అడుగున, వీలైనంత ముందుకు పెట్టాలి. టాప్ బాక్స్‌లో బట్టలు పెట్టుకోవచ్చు. మొత్తం బరువుకు కూడా ఒక హద్దుంది. అందులో మనుషులు, సామాను, తర్వాత బిగించిన గార్డులు, ఖాళీ పెట్టెల బరువు కూడా కలిసే ఉంటాయి. ఆ హద్దు దాటిన బండిని ఏ స్ప్రింగూ కాపాడలేదు, ఎందుకంటే ఫ్రేమ్, చక్రాలు, బ్రేకులు కూడా అదే లెక్కకు చేశారు.

ఒక షాకబ్జర్ మంచిదా, రెండు మంచివా అని నన్ను అడగనివాళ్లు లేరు. 1973లో యమహా మోటోక్రాస్ (మట్టి దారుల రేసు) బండికి బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచనతో ఒకే షాకబ్జర్ పెట్టారు. ఆ ఏడాది స్వీడన్ రైడర్ హకాన్ ఆండర్సన్ దాని మీదే 250 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. చక్రానికి ఎక్కువ కదలిక కావాల్సిన చోట అది బాగా పనికొచ్చింది. టూరింగ్ బండికి ఒకటా రెండా అన్నది పెద్ద విషయం కాదు. ఇద్దరు ఎక్కాక ఎంత దిగుతోందన్నదే విషయం.

బటన్ నొక్కితే స్ప్రింగు సర్దుకునే బళ్లు వచ్చాయి కదా అంటారు. బీఎండబ్ల్యూ 2004లో కె 1200 ఎస్ మీద అలాంటిది తెచ్చింది. హోండా గోల్డ్‌వింగ్‌లో కూడా రైడర్ ఒక్కడే, రైడర్ సామానుతో, ఇద్దరు, ఇద్దరూ సామానుతో అని ఎంచుకోవచ్చు. ఇప్పుడు కొన్ని బళ్లు బరువును తామే గ్రహించి సర్దుకుంటున్నాయి. చాలా మంచి విషయం. కానీ తనంతట తాను సర్దుకోని బండిలో తెర మీద ఎంతమందో, సామాను ఉందో లేదో చూపే బొమ్మను ఎంచుకోవాల్సింది మనమే. తెర మీద ఒక హెల్మెట్ బొమ్మ మాత్రమే పెట్టుకుని వెనక మనిషినీ రెండు పెట్టెలనూ ఎక్కించుకుని తిరిగేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

చివరగా పాతబడటం గురించి. స్ప్రింగు చాలా ఏళ్లు నిలుస్తుంది, ఆయిల్ నిలవదు. అది కొంచెం కొంచెంగా చస్తుంది కాబట్టి రోజూ నడిపేవాడికి తెలియదు. రాడ్డు మీద నూనె జిడ్డు కనబడినా, మెరుపు పోయి తుప్పు చుక్కలు వచ్చినా సీలు పోయినట్టే. రెండున్న బండికి ఒకటి మార్చి ఒకటి ఉంచవద్దు. గ్యాస్ ఉన్న షాకబ్జర్లలో నైట్రోజన్ టైరు ఒత్తిడికి నాలుగైదు రెట్ల ఒత్తిడితో ఉంటుంది. ఆయిల్ నురుగెత్తకుండా ఉండటానికే ఆ ఒత్తిడి. తెలియనివాళ్లు దాన్ని ఇంట్లో విప్పకూడదు, రంధ్రం చేయకూడదు, దగ్గర్లో వెల్డింగ్ పెట్టకూడదు. పాత సామాన్ల వాడికి అమ్మేముందు కూడా గ్యాస్ తీసేయించి ఇవ్వాలి, అతను నిప్పు పెట్టి కోస్తాడు కాబట్టి.

నేను అడిగేది రెండే. బండి అమ్మేవాళ్లు తాళం చేతికిచ్చే రోజున పూలదండకు, ఫొటోకు ఇచ్చే సమయంలో పావుగంట తీసి, కొన్నవాళ్లను ఇద్దరినీ బండి మీద కూర్చోబెట్టి టేపుతో కొలిచి చూపించాలి. ఒంటరిగా అయితే రింగు ఎక్కడ, ఇద్దరైతే ఎక్కడ, సామానుతో ఎక్కడ అని మూడు అంకెలు ఒక స్టిక్కరు మీద రాసి సీటు కింద అంటించాలి. హుక్ స్పానర్ కవరు విప్పి, ఒకసారి వాళ్ల చేతే తిప్పించాలి. రెండోది మీకు. దూరప్రయాణాల గురించి ఈసారి వేసే పేజీలో హెల్మెట్ బొమ్మ పక్కన ఇరుసు నుంచి సీటు దాకా టేపు పట్టిన బొమ్మ ఒకటి వేయండి. బొమ్మ గీసేవారికి కొలతల విషయంలో సందేహాలుంటే ఈ ఉత్తరంలోవి వాడుకోవచ్చు.

ఇట్లు,
షాకబ్జర్లు బాగుచేసే ఒక పాఠకుడు